నాలుగో గదిలో యాభై ఎనిమిది సెకన్లు

హాస్టల్, మేడ మీది గది
మొదటి టర్ము, ఆదివారం

పిన్నికి,

ఇక్కడ నేను క్షేమం. నా బుర్ర సంగతి మాత్రం నన్నడక్కు. ‘ఫోన్లో నువ్వేం చెప్పినా నమ్మేస్తానే, కాయితమ్మీద పెడితే నీ అబద్ధం నాకు దొరుకుతుంది’ అన్నావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఎంబీఏలో అసలేం నేర్పుతారని అడిగావు. విను. ఆర్గనైజేషనల్ బిహేవియర్ అని ఒకటుంది. నలుగురు ఒకచోట చేరితే పోట్లాడుకుంటారన్న సంగతిని బొమ్మలు గీసి చెప్తారు. మన ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడల్లా నువ్వూ, అమ్మా, పెద్దమ్మా ఇది ఫ్రీగా చూపించారు. మార్కెటింగ్ అంటే అక్కర లేనివాడికి అక్కర పుట్టించడం. స్ట్రాటజీ అంటే పక్కవాడు చేసిందే మనమూ చేసి పేరు మార్చడం. హెచ్చార్ అంటే మనిషిని ‘వనరు’ అని నోరు తిరిగేదాకా పలకడం.

కేస్ స్టడీ మరీ బావుంటుంది. మునిగిపోతున్న కంపెనీ గురించి పన్నెండు పేజీలిస్తారు. ఇరవై మూడేళ్ళ వాళ్ళం కూర్చుని, ముప్పై ఏళ్ళు అది నడిపినాయన ఏం చేసి ఉండాల్సిందో తేలుస్తాం. నిన్న ఒక ఓడల కంపెనీని భోజనం బెల్లు కొట్టేలోపు మూసేశాం. మాలో ఓడని దగ్గరగా చూసినవాడు ఒక్కడూ లేడు.

గ్రూపులో ఐదుగురం. ఒకడు మాట్లాడతాడు, ఒకడు తలాడిస్తాడు, ఒకమ్మాయి స్లయిడ్లకి రంగులు వేస్తుంది, ఒకడు రాడు. పని నేను చేస్తాను. దీన్ని టీమ్‌వర్క్ అంటారు.

వచ్చే టర్ములో ఏదైనా ఫ్యాక్టరీకి పోయి ప్రాజెక్టు చేసి రిపోర్టు రాయాలి. నువ్వు బైండింగు చేసిన రిపోర్టుల్లో మంచిది ఏదైనా ఉంటే ఎలా రాశారో చెప్పు. బాబాయిని అడిగానని చెప్పు.

నీ గడుగ్గాయి


బైండింగు షాపు, కాలేజీ గేటుకి ఎదురుగా
గురువారం, వాన

ఒసే గడుగ్గాయీ,

ఉత్తరం చదివి బాబాయి నవ్వాడు. ఆయన నవ్వి చాన్నాళ్ళయింది, అందుకు నీకు థాంక్స్.

మంచి రిపోర్టు కావాలా? ఇరవై రెండేళ్ళుగా మా ఊళ్ళో ఈ కాలేజీ పిల్లల రిపోర్టులు కుడుతున్నాను. బంక ఆరేదాకా చేతికి పని ఉండదు గనక ప్రతిదీ చదువుతాను. పాల కంపెనీ అయినా, సిమెంటు కంపెనీ అయినా రోగం ఒకటే, కమ్యూనికేషన్ లోపించింది. మందూ ఒకటే, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. పోయినేడాది ఒకడు ఆసుపత్రి మీద రిపోర్టు రాసి, చివర ‘టైర్ల నాణ్యత మెరుగుపరచాలి’ అన్నాడు. వాడి సీనియరు టైర్ల కంపెనీలో చేశాడన్నమాట. ‘నాయనా, ఆసుపత్రికి టైర్లేమిట్రా’ అంటే, ‘ఆంటీ, మీరు కుట్టండి చాలు’ అన్నాడు. వాడికి ఫస్టు క్లాసు వచ్చింది. స్వీటు డబ్బా కూడా ఇచ్చి వెళ్ళాడు.

కాబట్టి నీకు నేనిచ్చే సలహా ఒక్కటే. నిశ్చింతగా రాయి. ఎవరూ చదవరు. కాలేజీవాళ్ళు అట్ట రంగు చూస్తారు, కంపెనీవాళ్ళు అట్ట మీద తమ పేరు చూసుకుంటారు. లోపలున్నది చదివేది నేనూ, కాయితాలు తినే పురుగులూ.

వేళకి తిను. ఆ రాని కుర్రాడి పేరు మాత్రం గ్రూపులోంచి తీసెయ్యి.

పిన్ని


ఫ్యాను ఫ్యాక్టరీ, గెస్టుహౌసు గది
రెండో టర్ము, మూడో వారం

పిన్నికి,

నాకు టేబుల్ ఫ్యాన్ల ఫ్యాక్టరీ దొరికింది. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు. మా ఆపరేషన్స్ మాస్టారు చేతికో స్టాప్‌వాచీ ఇచ్చి, ‘ఎక్కడ నెమ్మదవుతుందో అక్కడ సీసా మెడ, అంటే పనంతా ఇరుక్కునే చోటు, ఉంటుంది. మెడ పట్టుకో’ అని పంపించారు.

ఇక్కడ నాలుగు గదులు. మొదటి దాంట్లో రాగితీగ చుడతారు, రెండో దాంట్లో రెక్కలు, మూడో దాంట్లో బిగిస్తారు. నాలుగో గదిలో ఒక్కాయనే ఉంటాడు. ఆయన్ని అందరూ ‘చెవిగారు’ అంటారు. నేను చెవి మామయ్యా అంటున్నాను. తయారైన ఫ్యాను ట్రాలీ మీద వస్తుంది, స్విచ్చి వేస్తాడు, కళ్ళు మూసుకుంటాడు, వింటాడు. ‘ఊఁ’ అంటే పెట్టెలోకి. ‘ఊహూఁ’ అంటే వెనక్కి. ఇరవై ఆరేళ్ళుగా అంతే.

మొన్న ఒక ఫ్యానుకి ‘ఊహూఁ’ అన్నాడు. నాకు అన్నింటిలాగే వినిపించింది. ‘ఏముంది మామయ్యా అందులో’ అన్నాను. ‘బేరింగు వెనకాల ఎక్కడో ఒరుసుకుంటోందమ్మా. ఇప్పుడేం కాదు. ఏడాదికి ఏడుస్తుంది’ అన్నాడు. విప్పి చూస్తే వెంట్రుకంత లోహపు రజను. పిన్నీ, నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళుగా పుస్తకాల్లో ‘నాణ్యత’ అన్న మాట ఎన్నిసార్లు రాశానో, అది మనిషి రూపంలో ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది!

మేనేజరు గారు మాత్రం వేరే రకం. ఆయన గదిలో గోడ నిండా ‘మనమంతా ఒక కుటుంబం’ అని రాసి ఉంది. తలుపు మీద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని ఉంది. రోజుకి ఇంకో వంద ఫ్యాన్లు ఎక్కువ రావాలట. రాగితీగ సగం రోజులు సమయానికి రాదు, ఉన్న రెండు ట్రాలీల్లో ఒకదానికి చక్రం లేదు. ఆయన మాత్రం నా వాచీ వంక చూసి, ‘నాలుగో గది మీద కాస్త దృష్టి పెట్టమ్మా’ అన్నాడు.

నీ గడుగ్గాయి


బైండింగు షాపు
సోమవారం

గడుగ్గాయీ,

మీ చెవి మామయ్య సంగతి మూడుసార్లు చదివాను. బాబాయికి చదివి వినిపించాను. పక్క జిరాక్సు షాపు అమ్మాయికి చెప్పాను. ఆవిడ వాళ్ళ ఆయనకి చెప్పింది. ఇప్పుడు వీధిలో నలుగురు ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు, ఆయనకి ఎక్కిళ్ళు వస్తున్నాయేమో కనుక్కో.

ఆయన ఎలా నేర్చుకున్నాడు? ఇంట్లో ఎవరున్నారు? చెవుల్లో దూది పెట్టుకుంటాడా? పెళ్ళాం కేకలేస్తే కూడా కళ్ళు మూసుకుని ‘ఊహూఁ’ అంటాడా? అన్నీ రాయి.

మేనేజరుతో జాగ్రత్త. ఆడలేక మద్దెల ఓడు అనే రకంలా ఉన్నాడు. ట్రాలీకి చక్రం వేయించలేనివాడు మనిషి మెడ కొలవమన్నాడంటే అందులో ఏదో ఉంది.

పిన్ని


గెస్టుహౌసు
రెండో టర్ము చివర

పిన్నికి,

నమస్కారం. పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది.

రిపోర్టు పూర్తయింది. డెబ్భై రెండు పేజీలు. మూడు సెట్లు పార్సిల్లో పంపుతున్నాను. ఒకటి కాలేజీకి, ఒకటి కంపెనీకి, ఒకటి నాకు. నీలం కాలికో గుడ్డ అట్ట, వెన్ను మీద గిల్టు అక్షరాలు. ఇరవయ్యో తేదీలోగా నా చేతికి అందాలి.

ఒక శుభవార్త. రిపోర్టు ‘నిర్మాణాత్మకంగా’ ఉంటే చదువు కాగానే ఇక్కడే అసిస్టెంట్ మేనేజరుగా తీసుకుంటామని మేనేజరు గారు చెప్పారు. మా బ్యాచిలో ఇంకా ఎవరికీ ఉద్యోగం రాలేదు. అమ్మకి చెప్తే ఫోన్లోనే ఏడ్చింది.

నువ్వు అడిగినవాటికి మళ్ళీ తీరిగ్గా రాస్తాను. రిపోర్టులో సాంకేతిక భాష ఎక్కువ, నీకు బోరు కొడుతుంది. చదవకపోయినా ఫర్వాలేదు. ఎలాగూ ఎవరూ చదవరని నువ్వే చెప్పావుగా.

ఇట్లు
గడుగ్గాయి


బైండింగు షాపు
పద్దెనిమిదో తేదీ

అమ్మాయికి,

మూడు కాపీలూ కుట్టాను. నీలం కాలికో దొరికింది. గిల్టు బాగా పడింది. పార్సిల్ ఇవాళే వేశాను.

బాబాయి ఆశీస్సులు చెప్పమన్నాడు.

పిన్ని


హాస్టల్
చివరి టర్ము

పిన్నికి,

వైవా అయింది. వినిపిస్తా విను. పరీక్షకి బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రిపోర్టుని అరచేతిలో పెట్టి బరువు చూశాడు. ‘నీట్ బైండింగ్’ అన్నాడు. తర్వాత విషయ సూచిక తీసి, పేజీ నంబర్ల ముందు చుక్కలు వరసగా ఎందుకు లేవని అడిగాడు. ‘ఫార్మాటింగ్ లోపం సార్’ అన్నాను. ‘తెలుసుకున్నావు, అది చాలు’ అని ఏ గ్రేడు ఇచ్చాడు. నాలుగున్నర నిమిషాలు పట్టింది. నీ కుట్టుకి సగం మార్కులు.

చదువు కాకుండానే వారానికి మూడు రోజులు ఫ్యాక్టరీకి రమ్మన్నారు. వెళ్తున్నాను. నాకో బల్ల, తిరిగే కుర్చీ ఇచ్చారు.

పిన్నీ, ఆ రిపోర్టు చదివారు. అన్ని పేజీలూ కాదు. మేనేజరు గారు నలభై ఒకటో పేజీ దగ్గర చీటీ పెట్టుకుని యజమాని గారి మీటింగులో పైకి చదివారు. ‘బయటివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, శాస్త్రీయంగా తేల్చిన విషయం సార్. మనం అన్నది కాదు’ అని చెప్పారు. మర్నాడు నాలుగో గదిలో ఒక మీటరు బిగించారు. చప్పుడు ఎక్కువైతే ఎర్ర దీపం, లేకపోతే పచ్చ దీపం. చెవి మామయ్యని ఇక రానక్కర్లేదన్నారు. శనివారం వెళ్ళిపోయాడు.

వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గరకొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. ‘యాభై ఎనిమిది సెకన్లటగా అమ్మా? నాకు తెలీనే తెలీలేదు. వాచీ అబద్ధం చెప్పదు కదా. వయసైపోయి నెమ్మదించానేమో’ అన్నాడు. టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

నువ్వు చదివావు కదూ? నిజం చెప్పు. నీ ఉత్తరం మూడే మూడు ముక్కలు వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అడగడానికి ధైర్యం చాల్లేదు.

గడుగ్గాయి


బైండింగు షాపు
ఉత్తరం అందిన రోజే

గడుగ్గాయీ,

చదివాను. మొదటి కాపీకి బంక రాసి, ఆరేలోపు మొత్తం చదివాను.

నలభై ఒకటో పేజీలో ‘నాలుగో దశ: ఫ్యాను ఒక్కింటికి యాభై ఎనిమిది సెకన్లు. మానవ ఆధారిత తనిఖీ వల్ల జాప్యం. తొలగించదగినది’ అని ఉంది. ఆ మనిషి డెబ్భై రెండు పేజీల్లో ఎక్కడా లేడు. నాకు రాసిన ఉత్తరంలో ఒళ్ళు జలదరించిందన్నావు, అక్కడ జాప్యమన్నావు. పైగా ఒక ఫ్యానుకి ఒక ‘ఊఁ’ అని నువ్వే రాశావు. ‘ఊఁ’ అనడానికి యాభై ఎనిమిది సెకన్లు ఎలా పట్టాయే? నేను ఇక్కడ కుట్టు వదిలేసి గోడ గడియారం చూస్తూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను. యాభై ఎనిమిది సెకన్లంటే మనిషి కునుకు తీయొచ్చు.

అప్పుడే నిన్ను నిలదియ్యాల్సింది. నిలదియ్యలేదు. ఎందుకో చెప్పనా? మా అక్క కూతురు ఆఫీసరైందని జిరాక్సు అమ్మాయికి అప్పటికే చెప్పేశాను. మీ అమ్మ ఏడ్చిందని రాశావు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. అందుకని నోరు కుట్టేసుకుని రిపోర్టు కుట్టాను. నువ్వు తప్పు రాశావు, నేను దానికి నీలం కాలికో వేసి గిల్టు కొట్టాను. తిలాపాపం తలా పిడికెడు. ‘ఎవరూ చదవరు, నిశ్చింతగా రాయి’ అన్న మహాతల్లిని కూడా నేనే. ఆ మాట తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఇప్పుడు చెప్పు. ఆ సెకన్లు ఎక్కడివి? నాకు చెప్పడం కాదు, ఆయనకి వెళ్ళి చెప్పు. పాపం, తనకే వయసైపోయిందనుకుంటున్నాడు. ఉద్యోగం తీసేస్తే ఇంకోటి దొరుకుతుందేమో. ఆయన చెవి మీద ఆయనకే నమ్మకం పోతే ఎక్కణ్ణించి తెస్తావు?

పిన్ని


గెస్టుహౌసు గది
మూడు నెలల తర్వాత

పిన్నికి,

నీ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టుకుని ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. సిగ్గేసింది. భయం కూడా. కుర్చీ మీద మోజు కూడా ఉంది, అదీ చెప్పెయ్యాలి.

సెకన్లు ఎక్కడివంటే, నేను కొలిచినప్పుడు ఇరవై వచ్చాయి. ముప్పై సార్లు కొలిచాను, ఇరవైకి అటూ ఇటూ. మిగతా ముప్పై ఎనిమిది, చక్రం లేని ట్రాలీ కోసం ఆయన ఖాళీగా ఎదురుచూసినవి. మేనేజరు గారు నా పట్టిక చూసి, ‘ఎదురుచూపు ఏ గదిలో జరిగిందమ్మా? నాలుగో గదిలోనేగా? అయితే అది నాలుగో గది టైమే’ అన్నారు. నేను పెన్ను తీసి కలిపేశాను. ఒక్క కూడిక, పిన్నీ. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

తర్వాత జరిగింది విను. ఒక బడికి పంపిన ఫ్యాన్లలో నలభై మూడు వెనక్కి వచ్చాయి. అన్నీ పచ్చ దీపం దాటినవే. ఏడాది కూడా ఆగకుండా అప్పుడే కీచుమంటున్నాయి. మేనేజరు గారు కంగారు పడలేదు. ‘ఇది నాణ్యత సమస్య కాదు, అవగాహన సమస్య’ అన్నారు. నన్ను పిలిచి మార్కెటింగ్ ప్లాను రాయమన్నారు. ఇక మీద ప్రతి ఫ్యాను మీదా ‘సహజమైన గాలి సవ్వడితో’ అని స్టిక్కరు అంటిస్తారట. స్టిక్కరు రంగు తేల్చడానికి కమిటీ వేశారు. నేనే కన్వీనర్ని. లేత ఆకుపచ్చా, లేత నీలమా అని రెండు గంటలు వాదించుకున్నాం. గదిలో ఫ్యాను కీచుమంటోంది. మాట వినపడక ఎవరో లేచి దాన్ని ఆపేశారు. చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ రంగు దగ్గరికి వచ్చాం. నేను మినిట్స్ రాసుకుంటున్నాను. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య మంచినీళ్ళిచ్చింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే, ‘అమ్మా, ఆ రిపోర్టు నీ దగ్గరుందా? నేనెక్కడ నెమ్మదించానో వినాలనుంది. ఒకసారి చదువుతావా’ అన్నాడు. సంచీలోనే ఉంది. తీశాను.

కళ్ళు మూసుకున్నాడు. అచ్చం నాలుగో గదిలో కూర్చున్నట్టే. నేను ప్రొడక్షన్ ప్లానింగు చదివాను, లేఅవుటు చదివాను. పలకలేదు. నలభై ఒకటో పేజీకి వచ్చాను. మొదటి దశ, రెండో దశ, మూడో దశ. ‘నాలుగో దశ, ఫ్యాను ఒక్కింటికి యాభై...’

‘ఊహూఁ’ అన్నాడు.

ఆగిపోయాను.

‘అక్కడ ఒరుసుకుంటోందమ్మా. మళ్ళీ చదువు.’

మళ్ళీ చదవలేకపోయాను. భోరున ఏడ్చి మొత్తం చెప్పేశాను, ఇరవై, ముప్పై ఎనిమిది, ట్రాలీ, పెన్ను, కుర్చీ, అన్నీ. ఆయన కళ్ళు తెరవలేదు. భార్య వైపు తిరిగి, ‘విన్నావా? నా చెవి బాగానే ఉందట’ అన్నాడు. ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. ‘మూడు నెల్ల నుంచి నేను పిలిస్తే, నువ్వేనా పిలిచింది, సరిగ్గానే విన్నానా అని రెండేసి సార్లు అడుగుతున్నాడమ్మా’ అని నాతో చెప్పింది.

కాళ్ళ మీద పడబోతే ఆపాడు. ‘నువ్విప్పుడు వెళ్ళిపో అమ్మా. నాకు కోపం రావడానికి కాస్త టైము పడుతుంది. అది వచ్చేలోపు వెళ్ళిపో’ అన్నాడు.

వచ్చేశాను. రాత్రంతా కూర్చుని నలభై ఒకటో పేజీ మళ్ళీ రాశాను. ఇరవై సెకన్లు ఆయనవి, ముప్పై ఎనిమిది ట్రాలీవి అని విడివిడిగా పెట్టాను. ఆ రెంటినీ కలిపింది నేనేననీ, ఎవరు కలపమన్నారో కూడా రాసి సంతకం పెట్టాను. సోమవారం పదకొండింటికి యజమాని గారు కలుస్తానన్నారు. కుర్చీ పోతుంది, తెలుసు. గ్రేడు కూడా పోవచ్చు. అమ్మకి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

విడి కాయితం ఇస్తే చించి పారేస్తారు పిన్నీ. మూడు కాపీల్లోనూ పాత పేజీ తీసి ఇది కుట్టాలి. కాలేజీ కాపీ అడిగి తెచ్చుకున్నాను, అటెండరు దాన్ని కిటికీ తలుపుకి ఆనించి పెట్టాడు. కంపెనీ కాపీ మేనేజరు గారి బల్ల మీంచి అడక్కుండా తీశాను. శనివారం బస్సుకి వస్తున్నాను. కుడతావా?

గడుగ్గాయి


బైండింగు షాపు
శుక్రవారం, టపా కట్టేలోపు

ఒసే పిచ్చిదానా,

కుడతావా అని అడుగుతావేమే. దబ్బనం, దారం, బంక సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. ఇది నీకు అందేలోపు నువ్వే వచ్చేస్తావేమో, అయినా రాస్తున్నాను. ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్నది కాయితమ్మీద పెడితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

మీ అమ్మకి నేను చెప్తాను. అక్కకి చెడ్డ కబుర్లు చెప్పడం చిన్నప్పటి నుంచీ నా డ్యూటీయే.

సోమవారం నీతో నేనూ వస్తున్నాను. బైండరుకి ఇక్కడేం పని అని మీ యజమాని అడిగితే, ఆ అబద్ధాన్ని చదివి, తెలిసి, చక్కగా కుట్టి పంపింది నేనేనండీ అని చెప్తాను. షాపుకి తాళం వేస్తాను, బాబాయికి చెప్పేశాను. జిరాక్సు అమ్మాయికి కూడా జరిగిందంతా చెప్పేశాను.

ఫ్యాక్టరీకి పదకొండింటికి కదా, ఎనిమిదింటికల్లా అక్కడ దిగుదాం. ముందు ఆయన ఇంటికి వెళ్దాం. ఈపాటికి కోపం వచ్చే ఉంటుంది. ఇద్దరం కలిసి తిట్లు తిందాం.

పిన్ని